ఊలు రిస్ట్ వార్మర్‌కి నూలు లేసు అంచు వేస్తే చెయ్యి దూరడం లేదు. ఏం చెయ్యాలి?

గోదారి_గొలుసు · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చేశాను. మా వదిన టొరంటోలో ఉంటుంది. పొద్దున్నే బస్సు కోసం నిలబడ్డప్పుడు ఫోన్ చూడాలంటే గ్లవ్స్ తియ్యాలి, తీస్తే వేళ్ళు కొంకర్లు పోతున్నాయట. అందుకే వేళ్ళు బయటికుండే రిస్ట్ వార్మర్లు అల్లి పంపుదామని కూర్చున్నాను. మా ఎదురింటి ఆంటీ వచ్చే నెల 3న కూతురి దగ్గరికి టొరంటో వెళ్తున్నారు, ఆవిడ సూట్‌కేసులో పెట్టాలి. ఇంకా పన్నెండు రోజులే ఉంది.

అల్లిక వరకూ బాగానే వచ్చింది. 8 ప్లై ఊలు, వంకాయ రంగు, 4 మి.మీ. క్రోషే సూది. మణికట్టు పట్టీని అడ్డంగా అల్లాను: 11 కుట్ల వెడల్పు, 28 వరుసలు, అన్నీ సింగిల్ క్రోషే (పొట్టి కుట్టు), ప్రతి కుట్టూ కింది కుట్టు తలలోని రెండు పోగుల్లో వెనక పోగులోనే, అంటే వెనక లూప్‌లోనే. పట్టీ రబ్బరులా సాగుతుంది. రెండు కొసలూ కలిపి, పై అంచు మీద 28 కుట్లు ఎత్తుకుని, అరచేతి వరకూ హాఫ్ డబుల్‌తో (సింగిల్ కన్నా కాస్త పొడుగు కుట్టు) గుండ్రంగా వెళ్ళాను.

చిక్కంతా కింది అంచు దగ్గరే. అమ్మ వేసే విసనకర్రల లేసు అంచు తెల్ల నూలు దారంతో వేశాను. 20 నంబరు దారం, 1.25 మి.మీ. స్టీలు సూది. ముందు ఒక్కో ఊలు కుట్టులో రెండేసి సింగిల్, మొత్తం 56. దాని మీద ఆరేసి కుట్లకొక విసనకర్ర. తొమ్మిది వచ్చాయి, రెండు కుట్లు మిగిలిపోయాయి. చివరి విసనకర్రని సాగదీసి సర్దాను కానీ కన్ను అక్కడికే పోతోంది.

అది సరే అనుకుంటే చెయ్యి దూరడం లేదు! వేళ్ళ కణుపుల దగ్గర ఆగిపోయింది. గట్టిగా లాగితే నూలు దారం పుటుక్కున తెగింది. చాలా ఏడుపొచ్చింది. మూడు రాత్రుల పని. ఊలు మీద ఆ తెల్ల అంచు ఎంత బాగుందో చెప్పలేను, అందుకే వదలబుద్ధి కావడం లేదు. ఎవరైనా దారి చూపండి.

చింతపల్లి_చలి · ఆదివారం, రాత్రి 10:15

చెల్లెమ్మా, ముందు ఆ అంచు ఊడదీసెయ్యి. తెగిన చోట అతుకు వేసినా మళ్ళీ అక్కడే తెగుతుంది.

నాకు తెలిసిన తేలిక దారి: అంచు కూడా అదే ఊలుతో వెయ్యి. 28 కుట్లు ఆరుతో భాగం కావు కానీ నాలుగుతో అవుతాయి. ఒక సింగిల్, ఒక కుట్టు వదిలి పక్క కుట్టులో 5 డబుల్, ఇంకొకటి వదిలి మళ్ళీ సింగిల్. సరిగ్గా ఏడు విసనకర్రలు. కొంచెం ముడతలుగా లేస్తుంది, వద్దనుకుంటే ఐదు బదులు మూడు చాలు.

మాది లంబసింగి పక్కనే. డిసెంబర్, జనవరిలో పొద్దున ఆరింటికి స్కూటీ మీద బడికి వెళ్ళాలంటే హ్యాండిల్ పట్టుకున్న చేతులు మొద్దుబారిపోతాయి. మూడు చలికాలాలుగా ఇలాంటివే వేసుకుంటున్నాను. అంచు ఊలుదే. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు.

కొత్త_సూది · ఆదివారం, రాత్రి 10:52

నేను నేర్చుకుని నెలే అయింది, నిజామాబాద్ నుంచి. ఒక అనుమానం. మా పెద్దమ్మ దగ్గరున్న పాత పుస్తకంలో డబుల్ అన్నది పొట్టి కుట్టు. యూట్యూబ్‌లో డబుల్ అంటే పొడుగు కుట్టు. మీరు చెప్పేది ఏది?

ఊలు_ఉండ · సోమవారం, ఉదయం 6:20

మంచి ప్రశ్న అమ్మా. ఇది తెలియకే సగం అల్లికలు పాడవుతాయి. బ్రిటిష్ పేర్లు వేరు, అమెరికా పేర్లు వేరు. బ్రిటిష్ వాళ్ళ డబుల్‌నే అమెరికావాళ్ళు సింగిల్ అంటారు. బ్రిటిష్ ట్రెబుల్ అమెరికాలో డబుల్. అంటే ఒక మెట్టు తేడా. మన పాత పుస్తకాల్లో ఎక్కువగా బ్రిటిష్ పేర్లే ఉంటాయి. ఈ చర్చలో అందరూ అమెరికా పేర్లే వాడుతున్నారు, నువ్వూ అలాగే చదువుకో. ఎక్కడైనా "సింగిల్ క్రోషే" అన్న మాట కనపడిందంటే అది దాదాపుగా అమెరికా లెక్కే. ఇప్పటి బ్రిటిష్ లెక్కలో ఆ పేరు వాడరు.

గోదారి అమ్మాయికి ఒక మాట. అది నిజంగా ఊలేనా? నేను పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో "నూటికి నూరు ఊలు" అని రాసి ఉన్నది కొన్నాను, తీరా చూస్తే అక్రిలిక్. చిన్న పోగు తెంచి, పట్టకారుతో పట్టుకుని సింకు దగ్గర వెలిగించి చూడు. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అక్రిలిక్ తప్పని కాదు, కానీ టొరంటో చలికి ఊలే కావాలి. పైగా అక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ పెట్టావంటే సాగే గుణం పోయి వేలాడిపోతుంది.

గోదారి_గొలుసు · సోమవారం, ఉదయం 8:05

ఊలే పెద్దమ్మా, ఇప్పుడే కాల్చి చూశాను. ఇల్లంతా వెంట్రుకల వాసన!

చింతపల్లి అక్కా, మీరు చెప్పిన ఏడు విసనకర్రల లెక్క వేళ్ళ వైపు అంచుకి తీసుకుంటాను. కానీ చేతి వైపు మాత్రం తెల్ల నూలు లేసే కావాలి. మా అమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ముక్కల లెక్కన లేసు అల్లి మమ్మల్ని చదివించింది. ఆ అంచు మా వదినకి కూడా తెలుసు. చూడగానే అత్తయ్య చేతి పని అని గుర్తుపట్టాలని నా కోరిక.

మాల్మో_మంచు · సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను స్వీడన్‌లో ఉంటాను. మగవాణ్ణే, ఇక్కడికొచ్చాకే అల్లిక పట్టుకున్నాను. నా అభిప్రాయం కాస్త వేరు, ఏమీ అనుకోకండి. ఊలూ నూలూ కలపొద్దు. ఊలు సాగుతుంది, నూలు సాగదు. ఊలు వేడి నీళ్ళలో ముడుచుకుపోయి దట్టంగా తయారవుతుంది, నూలు అలా అవదు. రెండు ఉతుకుల తర్వాత ఒకటి ఒకవైపు, ఇంకొకటి ఇంకొకవైపు లాగుతాయి.

ఇక్కడ స్లిప్ స్టిచ్ (అన్నిటికన్నా పొట్టి కుట్టు) ఒక్కదానితోనే మొత్తం అల్లే పాత పద్ధతి ఉంది. బోస్నియాలోనూ ఉందట. మామూలు సూది కాదు, చప్పిడిగా బల్లపరుపుగా ఉంటుంది. వెనక లూప్‌లో వేసుకుంటూ పోతే గుడ్డ మందంగా వస్తుంది, అయినా బాగా సాగుతుంది. పని మాత్రం చాలా నెమ్మది, ఒక్కో వరుస గోరంత ఎత్తు కూడా రాదు. నేను జత పూర్తి చెయ్యడానికి నెల పట్టింది. మీ దగ్గర పన్నెండు రోజులే ఉంది కాబట్టి ఇది చెయ్యమనడం లేదు.

నూలు లేసు వెయ్యాలనే ఉంటే ఇంకో దారి: పట్టీని గుండ్రంగా కలిపెయ్యకుండా నాలుగు సెంటీమీటర్లు చీలిక వదలండి. ఒకవైపు చిన్న బొత్తాం, ఇంకొకవైపు గొలుసు ఉచ్చు. చీలిక తెరిస్తే చెయ్యి దూరుతుంది, బొత్తాం పెడితే లేసు గుండ్రంగా నిలబడుతుంది.

సీతారాంపురం_లేసు · సోమవారం, సాయంత్రం 5:45

అమ్మాయ్, మీ అమ్మ మా వైపావిడే అన్నమాట. సంతోషం. నేను నలభై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మా అమ్మాయి ఫోన్‌లో నేను చెప్తుంటే రాస్తోంది.

బాబు చెప్పిన బొత్తాం పద్ధతి మంచిదే. కానీ బస్ స్టాపులో ఒంటి చేత్తో బొత్తాం పెట్టుకోవడం కష్టం.

నువ్వు చేసిన తప్పు ఒక్కటే. 56 సింగిల్స్ దగ్గరగా వేశావు చూడు, అది అంచు కాదమ్మా, గాజు. నూలుతో గాజు చేసి మణికట్టుకి తగిలించావు. మణికట్టు కొలతకి గాజు చేయిస్తే చేతికెక్కుతుందా? గాజు ఎప్పుడూ కణుపుల కొలతకే కదా కొంటాం! అంచు కూడా అంతే. మణికట్టు దగ్గర ఎంతుండాలో తర్వాత సంగతి, ముందు కణుపులు దాటాలి.

కాబట్టి ఆ సింగిల్స్ వరుస తీసెయ్యి. ఊలు మీద నూలు ఆనాల్సిన చోట మాత్రమే ఆనాలి, మధ్యలో గొలుసు వదులుగా తోరణంలా వేలాడాలి. చెయ్యి దూరేటప్పుడు తోరణం తిన్నగా సాగుతుంది, దూరాక మళ్ళీ వంగి కూర్చుంటుంది. నూలు సాగకపోయినా వంపు సాగుతుంది.

మీ వదిన గాజు సైజు ఎంత?

గోదారి_గొలుసు · సోమవారం, సాయంత్రం 6:10

పిన్నిగారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. గాజు మాట చదవగానే మొత్తం అర్థమైపోయింది. వదినది రెండూ ఆరు. నాది రెండుంబావు. నా చేతికే దూరకపోతే ఇంక తనకెక్కడ దూరుతుంది!

చింతపల్లి_చలి · సోమవారం, రాత్రి 8:30

నేను బళ్ళో లెక్కలు చెప్తాను, ఈ లెక్క నాకు వదిలెయ్యండి.

గాజు రెండూ ఆరు అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాలూ, పైన అంగుళంలో పదహారో వంతులు ఆరూ. దాదాపు 60 మి.మీ. చుట్టుకొలత 19 సెం.మీ. గాజు ఎక్కించుకునేటప్పుడు చెయ్యి నొక్కి, బొటనవేలు లోపలికి ముడుస్తాం కాబట్టి అది బొటాబొటీ కొలత. హాయిగా దూరాలంటే ఇంకో 2 కలుపుదాం. 21 సెం.మీ.

పట్టీ 28 వరుసలు కదా. వెనక లూప్‌లో వేశావు కాబట్టి రెండు వరుసలకొక గట్టు, గట్టుకీ గట్టుకీ మధ్య ఒక లోయ కనపడుతుంది. అంటే 14 లోయలు. ప్రతి లోయలో ఒకసారి నూలు దారం ఆనిస్తే 14 తోరణాలు. 21ని 14తో భాగిస్తే ఒకటిన్నర. ఒక్కో తోరణం తిన్నగా సాగితే కనీసం ఒకటిన్నర సెం.మీ. ఉండాలి.

ఇప్పుడు నీ నూలు దారంతో, నీ చేతి బిగువుతో ఒక 10 గొలుసులు వేసి టేపు పెట్టి కొలిచి చెప్పు. నా కొలత నీకు పనికిరాదు, ఎవరి చెయ్యి వాళ్ళదే.

గోదారి_గొలుసు · సోమవారం, రాత్రి 8:55

కొలిచానక్కా. 10 గొలుసులు సరిగ్గా 2 సెం.మీ.

చింతపల్లి_చలి · సోమవారం, రాత్రి 9:02

అయితే 5 గొలుసుల తోరణం 1 సెం.మీ. మాత్రమే. చాలదు. 7 వేస్తే 1.4, అదీ చాలదు. 8 వెయ్యి. 1.6 సెం.మీ. చొప్పున 14 తోరణాలకి 22.4. చెయ్యి దూరుతుంది.

కొత్త_సూది · సోమవారం, రాత్రి 9:30

అక్కా, వదినగారి చెయ్యి చూడకుండా గాజు సైజుతో కొలత తెలిసిపోవడం ఎంత బాగుందో! మా అక్క కువైట్‌లో ఉంటుంది, తనకి అవసరం లేదనుకోండి, కానీ మా అత్త కూతురు లండన్‌లో ఉంది. తన గాజుల డబ్బా ఇక్కడే మా ఇంట్లో ఉంది. రేపే కొలుస్తాను.

మాల్మో_మంచు · మంగళవారం, తెల్లవారుజాము 3:10

పిన్నిగారు చెప్పింది చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. దారం సాగకపోయినా అల్లిక ఆకారం సాగుతుంది అన్నది నాకు తట్టలేదు. ఉతికే విషయంలో మాత్రం అదే మాట మీద ఉన్నాను. ఉతికే పద్ధతి ఒక కాగితం మీద రాసి జతతో పాటే పెట్టండి: గోరువెచ్చని నీళ్ళు, రుద్దకూడదు, పిండకూడదు, టవల్‌లో చుట్టి ఒత్తి, పరిచి ఆరబెట్టాలి. వాషింగ్ మెషీన్‌లో వేడి నీళ్ళతో తిప్పారంటే ఊలు పట్టీ చిన్నపిల్లల సైజుకి ముడుచుకుపోతుంది, అప్పుడు లేసు ఎంత వదులుగా ఉన్నా లాభం లేదు.

ఊలు_ఉండ · మంగళవారం, ఉదయం 6:05

దీనికి తోడు ఇంకొకటి. తెల్ల నూలు, వంకాయ రంగు ఊలు. ఊలు రంగు వదిలితే తెల్ల లేసు మచ్చలు పడుతుంది. ఒక మూర ఊలు పోగు తడిపి తెల్ల గుడ్డలో పెట్టి గట్టిగా ఒత్తి చూడు. మచ్చ పడితే లేసు వెయ్యకముందే ఊలు భాగాన్ని రెండు మూడు సార్లు చల్లటి నీళ్ళలో జాడించు.

గోదారి_గొలుసు · బుధవారం, రాత్రి 11:20

ఇప్పటిదాకా జరిగింది చెప్తాను.

రంగు పరీక్షలో కొంచెం మచ్చ పడింది, మూడుసార్లు జాడించాక ఆగింది. పెద్దమ్మ చెప్పకపోతే నాకు ఆలోచనే వచ్చేది కాదు.

పాత అంచు ఊడదీశాను. మొదటి చుట్టు: లోయలో ఒక స్లిప్ స్టిచ్, 8 గొలుసులు, పక్క లోయలో స్లిప్ స్టిచ్. 14 తోరణాలు. వేసుకుని చూశాను, జారినట్టు దూరిపోయింది. రెండో చుట్టు: ప్రతి తోరణం నడుమ ఒక సింగిల్, 8 గొలుసులు, మళ్ళీ పక్క తోరణం నడుమ. చేప వలలా వచ్చింది. మళ్ళీ వేసుకున్నాను, ఏ ఇబ్బందీ లేదు. ప్రాణం లేచొచ్చింది.

మూడో చుట్టులో విసనకర్రలు. ఒక తోరణంలో సింగిల్, పక్క తోరణంలో 7 డబుల్, ఆ పక్క తోరణంలో సింగిల్. అలా ఏడు విసనకర్రలు. ఒక్కటీ మిగల్లేదు, తక్కువా కాలేదు. బల్ల మీద పెడితే ఎంత అందంగా ఉందో. కానీ వేసుకోబోతే మళ్ళీ కణుపుల దగ్గరే ఆగింది! ఈసారి లాగలేదు, భయమేసి తీసేశాను.

వల సాగుతోంది, విసనకర్రల పై అంచు మాత్రం తీగలా బిగుసుకుంటోంది. ఎందుకిలా?

సీతారాంపురం_లేసు · గురువారం, ఉదయం 7:15

కంగారు పడకు. విసనకర్ర కాడలన్నీ, అంటే డబుల్ కుట్లన్నీ, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఏడు కాడల తలలూ, ఒక సింగిల్ తలా, మొత్తం ఎనిమిది. అవి రెండు తోరణాల వెడల్పు సాగాలి, సాగలేవు. కింద వల సాగాలని చూస్తుంటే పైన తలలు పట్టుకుని ఆపుతున్నాయి.

ప్రతి కాడ మధ్యా ఒక గొలుసు వెయ్యి. సింగిల్ అయ్యాక ఒక గొలుసు, డబుల్, గొలుసు, డబుల్, గొలుసు, అలా ఏడు డబుల్స్, చివర గొలుసు వేసి సింగిల్. విసనకర్ర విడివిడి పుల్లలతో ఉంటుంది కానీ మరీ పలచగా కాదు. పాత రోజుల్లో టేబుల్ క్లాత్‌లకి మేం ఈ అంచే ఎక్కువ వేసేవాళ్ళం. బల్ల మీది గుడ్డ సాగక్కర్లేదు, అందుకని గొలుసు లేకుండా దగ్గరగా వేసినా నడుస్తుంది. చేతికి వేసేది అలా కాదు.

చింతపల్లి_చలి · గురువారం, ఉదయం 7:40

పిన్నిగారి మాటకి లెక్క కట్టి చూశాను. నీ దారంలో ఒక గొలుసు 2 మి.మీ. కుట్టు తల కూడా దాదాపు అంతే అనుకుందాం. ఇప్పుడున్నట్టు ఎనిమిది తలలు అంటే 1.6 సెం.మీ., ఏడు విసనకర్రలకి 11.2. అందుకే ఆగింది. మధ్యలో గొలుసులు వేస్తే ఒక్కో విసనకర్రకి ఎనిమిది గొలుసులు కలుస్తాయి, 3.2 సెం.మీ. ఏడింటికి 22.4. అంటే కింద వల ఎంత సాగుతుందో పై అంచూ సరిగ్గా అంతే సాగుతుంది. కాగితం మీద ఈ రెండు అంకెలూ కలిసేసరికి నాకు ఒళ్ళు పులకరించింది. నలభై ఏళ్ళ చేతికి టేపు అక్కర్లేకుండానే తెలిసిపోయింది.

ఊలు_ఉండ · గురువారం, ఉదయం 8:30

నిజమే. మెక్రే దంపతులు స్కాట్లాండ్ నుంచి వచ్చి 1844లో నరసాపురం ప్రాంతానికి ఈ అల్లిక నేర్పారంటారు. నేర్పినవాళ్ళు వెళ్ళిపోయారు, మన ఆడవాళ్ళు తరాల తరబడి పట్టుకుని నిలబెట్టారు. 2024లో నరసాపురం లేసుకి జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చిందని చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. కానీ ఇలాంటి కిటుకులు ఏ కాగితంలోనూ ఉండవు. పిన్నిగారూ, మీ అమ్మాయికి చెప్పి ఇవన్నీ రాయించండి.

కొత్త_సూది · గురువారం, మధ్యాహ్నం 2:15

నేనూ మొదలుపెట్టాను. రెండు ఇబ్బందులు. ఒకటి, గుండ్రంగా అల్లుతుంటే వరుసలు కలిపిన గీత నిలువుగా ఉండకుండా పక్కకి జరిగిపోతోంది. రెండు, బొటనవేలి రంధ్రం మూలల్లో చిన్న కంతలు పడుతున్నాయి, చలిగాలి అక్కడినుంచే దూరుతుందేమో.

మాల్మో_మంచు · గురువారం, సాయంత్రం 4:40

మొదటిదానికి: ప్రతి చుట్టూ పూర్తయి కలిపాక పని తిప్పి వెనక్కి అల్లండి. ఒకే దిక్కున పోతూ ఉంటే కుట్లు ఒకవైపు వాలుతాయి, గీత కూడా వాటితో పాటే జరుగుతుంది. తిప్పుతూ పోతే ఒక చుట్టు వాలును ఇంకో చుట్టు సరిచేస్తుంది.

రెండోదానికి: ఆరు కుట్లు వదిలి ఆరు గొలుసులు వేసే పద్ధతే కదా మీది? తర్వాతి చుట్టులో గొలుసుల మీద ఆరు కుట్లు వేసేటప్పుడు రెండు మూలల్లోనూ ఒక్కో కుట్టు అదనంగా ఎత్తుకోండి. ఆ పై చుట్టులో ఆ అదనపు కుట్టుని పక్కదానితో కలిపి ఒకటి చెయ్యండి. కంత మూసుకుపోతుంది, లెక్క మళ్ళీ 28కే వస్తుంది.

ఇంకో మాట. కలిపిన గీతని చిటికెనవేలి వైపు పెట్టండి, రంధ్రం దానికి సరిగ్గా ఎదురుగా వస్తుంది. అప్పుడు కుడిచెయ్యి, ఎడమచెయ్యి అని తేడా లేకుండా రెండూ ఒకేలా అల్లెయ్యొచ్చు.

కొత్త_సూది · గురువారం, సాయంత్రం 5:05

అన్నా, చాలా థాంక్స్. తిప్పి అల్లగానే గీత నిలబడింది.

వేళ్ళ వైపు అంచుకి క్రాబ్ స్టిచ్ వేద్దామా? తాడు మెలికలా కనిపిస్తుంది, నాకు చాలా నచ్చింది.

చింతపల్లి_చలి · గురువారం, సాయంత్రం 6:20

ఎడమనుంచి కుడికి వెనక్కి వేసే సింగిల్ కదా. చూడ్డానికి బాగుంటుంది కానీ గట్టిగా పట్టేస్తుంది. వెయ్యాలనుకుంటే ఒక సైజు పెద్ద సూదితో, వదులుగా వెయ్యి. ముందు చుట్టులో సగం మాత్రమే అల్లి చెయ్యి పెట్టి చూసుకో. మా అమ్మకి కీళ్ళ నొప్పులు, ఆవిడకి అల్లినప్పుడు అంచు కొంచెం పట్టేసినా రాత్రికి వేళ్ళు ఉబ్బుతున్నాయని తీసేసేది. నొప్పులున్న పెద్దవాళ్ళకి క్రాబ్ స్టిచ్ అసలు వద్దు, మామూలు విసనకర్రలు చాలు.

గోదారి_గొలుసు · ఆదివారం, మధ్యాహ్నం 3:30

అయిపోయింది! రెండూ అయిపోయాయి.

పిన్నిగారు చెప్పినట్టు మూడో చుట్టు ఊడదీసి, కాడ కాడకీ మధ్య గొలుసుతో మళ్ళీ వేశాను. ఒక చేతికి గంటన్నర పట్టింది. మా ఎదురింటి ఆంటీ గాజు సైజు రెండున్నర, వదిన కన్నా పెద్దది. ఆవిడ చేత వేయించి చూశాను. కణుపుల దగ్గర వల మొత్తం తెరుచుకుని, తోరణాలన్నీ తిన్నటి గీతల్లా అయిపోయాయి. మణికట్టు దాటగానే ఒక్కొక్కటే వెనక్కి వంగుతూ, ఏడు విసనకర్రలూ స్వెట్టర్ చేతి మీద పరుచుకున్నాయి. ఆంటీ చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. తియ్యమంటే కాసేపు ఉండనీ అన్నారు.

వేళ్ళ వైపు చింతపల్లి అక్క చెప్పిన ఊలు విసనకర్రలే, మూడేసి డబుల్స్‌తో. అక్కడ నూలు పెట్టలేదు. ఫోన్ పట్టుకున్నప్పుడు వేళ్ళకి మెత్తగా తగలాలి కదా.

గోరువెచ్చని నీళ్ళలో ముంచి, టవల్‌లో ఒత్తి, పాత దుప్పటి మీద పరిచాను. ఊలు భాగాన్ని చేత్తో సర్ది వదిలేశాను. లేసుకి మాత్రం ప్రతి కాడ కొసన ఒక గుండుసూది, ఒక్కో విసనకర్రకి ఏడు. ఒకవైపుకే 49 సూదులు పట్టాయి, పక్కింటి పాప లెక్కపెట్టింది. తుప్పు పట్టని సూదులే వాడండి, లేకపోతే తెల్ల లేసు మీద గోధుమరంగు చుక్కలు పడతాయి. ఫ్యాన్ కింద ఒక రాత్రి, ఒక పూట. ఆరాక సూదులు తీస్తే విసనకర్రలు అలాగే నిలబడ్డాయి.

వంటింటి త్రాసులో తూచాను: జతకి ఊలు 52 గ్రాములు, నూలు దారం 6 గ్రాములు.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. ముందు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంచు దగ్గరగా పెట్టమంది. చూసి, "కాడల మధ్య గొలుసేశావా? మంచి పని చేశావు" అంది. ఆవిడకి ముందే తెలుసట, నేను అడగలేదట!

సీతారాంపురం_లేసు · ఆదివారం, సాయంత్రం 5:10

మీ అమ్మ పేరు చెప్పక్కర్లేదు కానీ ఆ చెయ్యి నాకు తెలిసినట్టే ఉంది. నా నమస్కారం చెప్పు. కొస దారాలు ఎలా దాచావు? నూలు కొసని ఊలులో దాచకు, జారి బయటికొస్తుంది. నూలు కుట్లలోనే ముందుకొకసారి, వెనక్కొకసారి తిప్పి కత్తిరించు.

గోదారి_గొలుసు · ఆదివారం, సాయంత్రం 5:25

అయ్యో పిన్నిగారూ, ఊలులోనే దాచాను. ఇప్పుడే తీసి మళ్ళీ సర్దుతాను.

మాల్మో_మంచు · ఆదివారం, సాయంత్రం 7:00

ఫోటో చూశాను. వంకాయ రంగు మీద తెలుపు చాలా బాగుంది. ఉతికే కాగితం పెట్టడం మర్చిపోకండి. నేను కూడా నా స్లిప్ స్టిచ్ జతకి ఇదే వల అంచు వేద్దామని 20 నంబరు దారం తెప్పించుకుంటున్నాను. నా చేతి బిగువు ఎక్కువ, 10 గొలుసులకి 1.7 సెం.మీ. వస్తోంది మామూలు దారంతోనే. 8 చాలదేమో, 9 వేస్తాను.

చింతపల్లి_చలి · ఆదివారం, రాత్రి 8:45

9 వెయ్యి తమ్ముడూ, 1.53 వస్తుంది. చుట్టుకి 14 తోరణాలైతే 21.4.

నేను మా అమ్మ జతకి లెక్క వేసుకున్నాను. ఆవిడ గాజు రెండూ పది, చుట్టుకొలత దాదాపు 21. నొప్పుల చెయ్యి కాబట్టి ఇంకో 3 కలిపి 24 పెట్టుకున్నా. 28 వరుసల పట్టీ చాలదు, 32 వరుసలు వేస్తాను. 16 లోయలు, 16 తోరణాలు, ఎనిమిది విసనకర్రలు. 8 గొలుసుల చొప్పున 25.6. గోదారి చెల్లెమ్మా, నీ 20 నంబరు దారం ఏ రకం మెలికదో, ఎన్ని పోగులదో ఒకసారి లేబుల్ చూసి చెప్పు. ఇక్కడ సంతలో దొరికేది కాస్త మొరటుగా ఉంది.

గోదారి_గొలుసు · ఆదివారం, రాత్రి 9:10

లేబుల్ ఊడిపోయిందక్కా. అమ్మ డబ్బాలో ఇంకా మూడు ఉండలున్నాయి. ఒకటి మీకు పోస్టులో పంపిస్తాను, అడ్రస్ మెసేజ్‌లో పెట్టండి.